శుక్రవారం పరీక్ష

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో బాలలక్ష్మి మగ్గం ఉండేది. జాకెట్టు గుడ్డను చట్రానికి బిగించి ఆమె పూసల నెమలిని కుట్టిందంటే, వెనక్కి తిప్పి చూసినా ఒక్క ముడి కనబడేది కాదు. గొంతు పెద్దది, మాట పెళుసు, పని మాత్రం మెత్తన.

బస్తీ దవాఖానలో డాక్టరమ్మ మొదట చెప్పింది చిన్న మాటే. "షుగర్ ఇంకా రాలే, గడప మీద నిలబడ్డది. అన్నం తగ్గియ్యి, రోజూ నడువు, మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకో. ఇప్పుడే ఆపితే లోపలికి రాదు."

బాలలక్ష్మి భయపడింది. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద కొన్నాళ్లు నడిచింది కూడా. పెళ్లిళ్ల కాలం రాగానే నడక మానేసింది. పొద్దున మగ్గం ముందు కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. మధ్యమధ్య తీపి చాయ్, మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం.

పరీక్ష మాత్రం తప్పించలేదు. గురువారం సాయిబాబాకు ఒక్కపొద్దు ఉండేది. గుడికి పోయొచ్చి గ్లాసెడు మజ్జిగ తాగి పడుకునేది. ఎట్లాగూ కడుపు ఖాళీయే కదా అని శుక్రవారం తెల్లారగానే పోయి నెత్తురిచ్చేది. ప్రతిసారీ షుగర్ హద్దు దాటకుండానే వచ్చేది.

"చూసినవా? బాబా దయ," అంటూ కాగితం మొగుడు బిక్షమయ్య ముందు ఊపేది.

హయత్‌నగర్ బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే బిక్షమయ్య నవ్వేవాడు. "గురువారం భక్తురాలివి, ఆదివారం బిర్యానివి. జర ఆదివారం తిన్నంక పోయి ఇయ్యరాదు నెత్తురు?"

"నీ నోట్ల మన్నువడ! మంచిగొస్తున్నదాన్ని చెడగొట్టుకోమంటవా?"

మూడు నెలల సగటు తెలిపే పరీక్ష కూడా డాక్టరమ్మ రాసిచ్చింది. మంచిగున్నదానికి అదెందుకని బాలలక్ష్మి పోలేదు. అట్లా ఏళ్లు గడిచాయి.

ఒకనాడు కుడి కంటి ముందు నల్ల దారప్పోగు వేలాడింది. చేత్తో తీసేయబోతే రాలేదు. మర్నాటికి మసి చల్లినట్టయింది. కంటి దవాఖానలో ఆ సగటు పరీక్ష చేస్తే, షుగర్ ఎప్పుడో గడప దాటి లోపల కాపురం పెట్టిందని తేలింది. కంటి వెనక రక్తనాళాలు చిట్లాయి. ఎడమ కన్నూ అదే దారిలో ఉంది. లేజరుతో మిగిలిన చూపు నిలబెట్టవచ్చు, పోయింది రాదన్నారు.

"మరి నా శుక్రవారాలు?" అని అడిగింది బాలలక్ష్మి.

"ముందు రోజు పస్తుంటే ఆ పూటకు తగ్గి కనబడొచ్చమ్మా. మిగతా దినాల సంగతి అది చెప్పదు," అన్నాడు డాక్టరు.

ఇప్పుడు ఆమె అన్నీ చేస్తుంది. వేళకు మాత్రలు, జొన్నరొట్టె, ఆకుకూర, బిక్షమయ్య చెయ్యి పట్టుకుని కట్ట మీద నడక. తిన్న తర్వాత కూడా పరీక్ష చేయించుకుంటుంది. ఫలితం నిజంగానే బాగుంటోంది. బిక్షమయ్య చదివి వినిపిస్తే, ఊఁ అని ఊరుకుంటుంది.

ఆ మధ్య ఎల్బీనగర్ నుంచి, ఎప్పట్నుంచో ఆమె దగ్గరే జాకెట్లు కుట్టించుకునే ఇంద్రాణి వచ్చింది. ఆమెది గుంటూరు వైపు. ఒక్క పూస జరిగినా వరుసంతా విప్పించే మనిషి. "మా అమ్మాయి మృదుల పెళ్లి, బాలలక్ష్మీ. జాకెట్టు నువ్వే కుట్టాలి," అంది.

బిక్షమయ్య వద్దన్నాడు.

"నా చేతులకు తెల్వదా ఎట్ల కుట్టాల్నో?" అంది బాలలక్ష్మి.

కుట్టింది. తీసుకోవడానికి వచ్చిన ఇంద్రాణి జాకెట్టును కిటికీ దగ్గర పట్టి చూసింది. ఆమె వేలు నెమలి మెడ మీద ఆగిపోవడం బాలలక్ష్మికి మసకగా కనిపించింది.

"బావుందమ్మా. చాలా బావుంది," అంటూ ఇంద్రాణి గబగబా మడిచి సంచిలో పెట్టేసింది.

బాలలక్ష్మి సంచి పట్టుకుని ఆపింది. "తిట్టుండ్రి మేడం. మీరు తిడితెనే నాకు జర మంచిగుంటది."

ఇంద్రాణి సంచిని దగ్గరికి లాక్కుంది.

"ఇటియ్యుండ్రి. ఇప్పేస్త. చంపాపేట్ల ఇంకో ఆమె ఉన్నది, మంచిగ కుడతది."

ఇంద్రాణి జాకెట్టు తీసి ఆమె ఒళ్లో పరిచింది. పక్కన నేల మీద కూర్చుని, ఆమె వేలు పట్టుకుని తప్పిన పూస మీద పెట్టింది.

"ఇక్కడి నుంచి, బాలలక్ష్మీ. ఇంకొంచెం పైకి... అదిగో, అక్కడ."

బాలలక్ష్మి బ్లేడుతో దారం తెంపింది. పూసలు ఒక్కొక్కటే చాప మీద రాలాయి.