నీడ తీసేసిన దినం

ఈ పొద్దు ఇస్త్రీ చేస్తా ఉంటే చొక్కా మింద రాలిన కానుగ పువ్వు పెట్టె కింద పడి చుర్రుమనింది. పచ్చివాసన, మాడువాసన కలిసి ముక్కుకు తగిలేసరికి స్టెల్లక్క పక్కనే నిలబడినట్టు అయింది. మా ఆయన పోయినంక ఇంగ గౌనిపల్లికి పోయి అన్న చేను నమ్ముకోవాల్సిందే అనుకుంటా ఉంటే, మా గని కాలనీలో నాలుగిళ్ల అవతలుండే ఆ యమ్మ వచ్చి, "ఏడ్చింది చాలు లచ్చీ. నా ఇస్త్రీ బండికాడికి రా, బొగ్గులు రాజేసేది నేర్పిస్తా" అనింది. బస్సులు నిలిచే కాడ కానుగ చెట్టు కింద ఉండేది ఆ బండి. నేను కూడు సంపాదించుకునేది నేర్చింది ఆడనే. ఆ యమ్మకు ప్రతిదీ అడగాల. ఈ చీమలు ఎండలో నడవవెందుకు, బస్సు నిండా జనముంటే కిటికీ పక్కన ముసలోళ్లే ఎందుకు కూర్చుంటారు, ఇట్లా. నాకు నవ్వొచ్చేది. పోను పోను నేనూ అడిగేది మొదలుపెట్టినాను.

ఒక ఎండాకాలం మునిసిపాలిటీ ఆయప్ప వచ్చి చెట్టుకు టేపు చుట్టి, సున్నంతో గుర్తు పెట్టినాడు. కొత్త కాలువ ఈడనే పోవాలంట. చెట్టు పోతే గిరాకీ పోతాది, గిరాకీ పోతే నేను మళ్లీ అన్న గడప తొక్కాల. స్టెల్లక్క మాత్రం పెట్టె పక్కన పెట్టి, "టేపు ఎందుకప్పా?" అనింది.

"వెల కట్టాల గదమ్మా. కట్టెల కింద వేలం వేస్తారు."

"కట్టెకు కట్టినావు. నీడకు యాడ కట్టినావు?"

"నీడకు మా కాడ రేటు లేదమ్మా" అని నవ్వినాడు. వెక్కిరించి కాదు, నిజంగానే లేదు.

ఆ మాట ఆ యమ్మను పట్టుకునింది. "మా నాయన గనిలోకి కొత్తగా దిగినోళ్లను తలమింది దీపం ఒక్కతూరి ఆర్పమనేవాడంట. ఎంత వెలుతురు మోస్తా ఉండారో అప్పుడు తెలుస్తాదని. మనమూ ఆర్పి చూద్దాం" అనింది. మరుసటి దినం బండిని రోడ్డవతలికి, నడి ఎండలోకి తోయించింది. ఆ చెట్టు కిందనే పూలమ్మే మునెమ్మనూ గంపతో సహా లాక్కొచ్చింది.

"ఒక దినం కూలి పోతాదక్కా!" అన్నాను.

"పోనీలే. తెలుసుకునేదానికి ఫీజు అనుకో."

నీళ్లు చిలకరించి చుట్టిపెట్టిన బట్టలు పెట్టె తగలకముందే ఎండిపోయినాయి. మళ్లీ చిలకరించు, మళ్లీ ఎండు. మధ్యాన్నానికి మల్లెలు వడిలిపోయినాయి. "నీ సోద్యం పాడుగాను, నా పూలన్నీ ముసలోళ్లయిపోయినాయి గదే!" అని మునెమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. బస్సు దిగినోళ్లు మమ్మల్ని చూసినారు, ఎండను చూసినారు, పోయినారు.

అంతలో ఆయప్ప వచ్చి, అలవాటు చొప్పున చెట్టు కింద నిలబడినాడు.

"ఆడ నిలబడొద్దప్పా! ఈ దినం ఆడ చెట్టు లేదు. ఇట్లా రా!" అని అరిచింది స్టెల్లక్క.

రోడ్డు దాటి వచ్చినాడు. చెమటలు కారతా ఉంటే కాసేపు మాతోనే నిలబడి, మునెమ్మ గంపలో చెయ్యి పెట్టి చూసినాడు. "దినామూ ఇన్ని పూలు పోతాయా?" అని అడిగినాడు. ఇంగా ఎవరెవరు ఈడ కూర్చుంటారని అడిగినాడు.

కాలువ కొంచెం పక్కకు తిరిగింది, చెట్టు నిలిచింది. ఆ మాటకే తిరిగిందో, ఇంగేదన్నా ఉండాదో, నాకు తెలీదు. కరెంటు తీగల పక్క కొమ్మ మాత్రం కొట్టేసినారు. ఆ కొమ్మ కింద ఉండిన చోట ఇప్పటికీ ఎవరూ కూర్చోరు.

స్టెల్లక్క పోయినంక బండి నాదైంది. మొన్న ఉడకేసిన శెనక్కాయలమ్మే ఆమె చెట్టు కిందికి వస్తే, చోటు ఇరుకవతాది, తరిమేయమన్నారు అందరూ. జరం వచ్చి ఆమె ఒక దినం రాలేదు. బస్సు దిగినోళ్లు ఖాళీ చోటు చూసి, నిలబడకుండానే సాగిపోయినారు, నా బండికి బట్టలిచ్చేవాళ్లతో సహా. ఆమె తిరిగి వచ్చినప్పుడు నా బండిని ఒక జానెడు జరిపినాను.