గుండెకు నిదానం నేర్పిన డాక్టరు గారు

హఫీజ్‌పేట స్టేషన్ పక్క దవాఖానలో మా ఊళ్ళన్నిటికీ మందిచ్చిన డాక్టరు గారు మొన్న సోమవారం పొద్దున పోయారు. పట్నానికి పాలు తీసుకుపోయే మనిషి రైలెక్కకుండా మా మదీనాగూడకు వెనక్కి నడిచొచ్చి ఆ మాట చెప్పాడు. డాక్టరు గారే లేకపోతే మా నాయన ఈ వార్త వినడానికి ఉండేవాడే కాదు.

నాయనకు గుండె బలహీనపడి కాళ్ళు వాచినప్పుడు ఆయన దగ్గరికే తీసుకుపోయాం. ఎట్లుందని ఎవరడిగినా నాయన బాగుందనే అంటాడు, ప్రాణం పోతున్నా అంతే. డాక్టరు గారు ఆ మాట చెవిన వేసుకునేవారు కాదు. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుంటున్నాయా, తల కింద ఎన్ని బొంతలు మడిచి పెట్టుకుంటే నిద్ర పడుతోంది అని అడిగేవారు. చెప్పు బిగుసుకుంటే ఒంట్లో నీరు చేరినట్టు, తల ఎత్తు పెంచాల్సి వస్తే ఆ నీరు ఊపిరితిత్తుల దాకా పోయినట్టు. ఈ రెండూ నాయన దాచలేకపోయాడు.

అమ్మకు రక్తపోటు. ఆమెకు సర్పగంధ వేరు మాత్రలిచ్చారు. అవి మింగితే ముక్కు దిబ్బడ వేస్తోందని అమ్మ వాటిని చూరులో దాచేసింది. తలనొప్పి కూడా లేనిదానికి మందెందుకని నాతోనే వాదన. నేను ఊరుకునే రకం కాదు, లాక్కుపోయి ఆయన ముందు నిలబెట్టాను. ఆయన నవ్వారు. బిగుసుకున్న రక్తనాళాలను ఆ మందు వదులు చేస్తుందని, ముక్కులోని సన్న నాళాలు కూడా వదులై ఉబ్బుతాయని, అందుకే ఆ దిబ్బడ అని విడమరిచారు. "నొప్పి లేదని మందు మానొద్దమ్మా. గీ రోగం చెప్పకుండ తింటది" అన్నారు. అమ్మ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది. ఉప్పు తగ్గించమన్నందుకు మాత్రం ఆయన్ను తిట్టుకుంటూనే వండింది.

నిజాం రాజ్యం పోయే ముందు, ఆ గడబిడల ఏడాది, రైళ్ళు సరిగా నడవకపోతే పట్నం దాకా సైకిలు తొక్కి మందులు తెచ్చిన మనిషి. ఎండిన మొహంతో దిగి, ముందు మంచినీళ్ళడిగేవారు, తర్వాత రోగి ఎక్కడని అడిగేవారు.

మా వైపు ఒక అలవాటుంది. ఇంట్లో పెరుగు గట్టిగా పేరుకుందంటే పక్కింటికి తోడుకు ఇస్తాం. మేలు చేసినదేదీ మేమొక్కరమే ఉంచుకోం. డాక్టరు గారిచ్చిన డిజిటాలిస్ అనే గుండె మందు చుక్కలతో నాయన లేచి తిరగడం మొదలుపెట్టాడు. పక్కింటి మామకు ఆయాసమని వినగానే తన సీసాలోంచి సగం వంపి ఇచ్చాడు. మామ నాడి అసలే మందంగా నడిచేది. కొన్నాళ్ళకు అన్నం చూస్తే వాంతి, చూపంతా పసుపు, లేవబోతే తూలడం. వాళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకే బావి మీద బతికినవాళ్ళు. నాయన మామ మంచం పట్టె పట్టుకుని, నా చేతులతో చంపుకుంటున్నానని ఏడ్చాడు.

డాక్టరు గారు వచ్చి మామ మణికట్టు పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ఇంకొక్క చుక్క కూడా పోయొద్దని సీసా జేబులో వేసుకున్నారు. ఆ మందు ఒంట్లోంచి దిగేదాకా రోజూ పొద్దున్నే వచ్చి నాడి చూసి పోయారు. మామ చూపు తేటపడి, గంజి కావాలని నోరు తెరిచి అడిగిన పూట నాయనను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇక చివాట్లే అనుకున్నాను.

"పటేలా, మోట కొట్టేటప్పుడు బొక్కెన నిండకముందే ఎడ్లను తోల్తె ఏమైతది?"

"సగం నీళ్ళే వస్తయి సాబ్."

"నీ గుండె గట్లనే ఉరికింది. చుక్కలు దాన్ని నిదానం చేసినయి, బొక్కెన నిండింది, గట్టిగ గుంజింది. ఈయన ఎడ్లు ముందే మెల్లగ నడుస్తున్నయి. వాటిని ఇంక నిదానం చేస్తే ఏం గావాలె? నీ మనసు మంచిదే, ఫికర్ చెయ్యకు. మందును మాత్రం పంచకు."

గుండె మందంటే గుండెకు బలమిచ్చేదేనని నేనూ అనుకునేదాన్ని. ఒకటి పరుగు తగ్గిస్తుంది, ఒకటి నీరు దింపుతుంది, ఒకటి దారి వదులు చేస్తుంది, ఎవరికేది కావాలో చూడటమే వైద్యమని ఆ రోజు తెలిసింది. మా ఇంట్లో ముగ్గురిని నిలబెట్టారు ఆయన. ఆ ముగ్గురిలో మామను కూడా కలిపే చెబుతున్నాను.

సోమవారం మధ్యాహ్నం పాడె లేచేటప్పుడు నాయన, మామ ముందుకు పోయి చెరో వైపు భుజం పెట్టారు. గుండె జబ్బుతో మీకెందుకని అందరూ వద్దన్నారు. డాక్టరు గారి తమ్ముడు మాత్రం పక్కకు జరిగి చోటిచ్చాడు. పాడె మోసేవాళ్ళు వడివడిగా పోవడమే ఎక్కడైనా ఆనవాయితీ. ఆ ఇద్దరూ తమ నిదానపు అడుగే వేశారు. వెనక పట్టినవాళ్ళు వాళ్ళతో అడుగు కలిపారు, డప్పు దరువు నెమ్మదించింది, ఊళ్ళ జనమంతా అదే నడకలో వెంట నడిచారు. రైలు కట్ట దాటి అవతల శ్మశానంలో దించేదాకా ఇద్దరిలో ఒక్కరికీ ఆయాసం రాలేదు.