ఇసుక పోసి వంచిన పైపు

మా నాన్న నడిపిన పాతకాలపు మోటార్ సైకిల్‌కు కొత్త ఆయిల్ పైపు వేద్దామని పొద్దున కూర్చున్నాను. ఐటీఐలో ముప్పై ఏళ్లు ఫిట్టర్ పాఠాలు చెప్పినవాణ్ని. అయినా రెండు రాగి పైపులు వంపు దగ్గరే నొక్కుకుపోయాయి. సిగ్గు పక్కనపెట్టి, మూడోది పట్టుకుని, పినపాకలో ఫ్రిజ్‌లు బాగుచేసే నా పాత శిష్యుడు రాములు దగ్గరకు వెళ్లాను. అతను పైపు నిండా ఎండు ఇసుక కూరి, రెండు చివరలూ మూసి, నిదానంగా వంచాడు. ఒక్క ముడత పడలేదు.

"ఈ పని ఎక్కడ నేర్చినవ్‌రా?" అని అడిగాను.

"మీరే చెప్పిండ్రు గద సార్. పరీక్ష రోజు ఇసుక కోసం వాగుకు పోయొచ్చేసరికి లేటైందని ఫెయిల్ గూడ మీరే చేసిండ్రు."

ఇద్దరం మా ఇంటికొచ్చి, పైపు కడిగి బండికి బిగించాం. చుక్క నూనె కారలేదు. రిటైరయ్యాక మార్కులు దిద్దే వీలుందా? తెలిసినవాళ్లు చెప్పండి.