దండెం మీద ఇంగ్లీషు

కరోనా వచ్చిన ఏడాది బడులన్నీ మూతపడి, నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ గారింట్లో బడి హాల్లోకే వచ్చేసింది. ఆ ఇంటి చిన్నపిల్లని పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచి పెంచింది నేనే. వాళ్లమ్మది అరబ్బీ, బడిది ఇంగ్లీషు, నాది తెలుగు. పిల్ల మాత్రం మూడూ కలిపి తనకో భాష చేసుకుంది. నన్ను ‘అక్కా’ అని పిలిచేది.

వాళ్లది అమెరికా చదువట. టీచరమ్మ తెర మీద ఒక అడ్డగీత గీసి, దాని మీద రెండు మాటలు రాసి, మధ్యలో నిలువుగీత కొట్టి, మిగతా మాటల్ని కింద ఏటవాలు గీతలకి తగిలించేది. వాక్యాన్ని అలా కోసి చూడాలట. నాకు చేపని కొయ్యడం వచ్చు గానీ వాక్యాన్ని కొయ్యడం అప్పుడే చూశాను. పిల్లకీ అంతే అర్థమైంది. పరీక్షలో గుండుసున్నా తెచ్చింది.

వాళ్లమ్మ, అంటే మా మేడమ్, నన్ను పిలిచి విషయం తేల్చేసింది. రంజాన్ పండగ తర్వాతి పరీక్షలోనూ ఇంతే అయితే ట్యూషన్ టీచర్ని పెడతారు, ఇక పిల్ల పక్కన నాకు పనుండదు, దూరాన ఖోర్ ఫక్కాన్‌లో ఉన్న తన పుట్టింటికి వంటకి వెళ్లిపోవాలి. అక్కడ సముద్రం చాలా బాగుంటుందని కూడా చెప్పింది. నా పిల్ల లేని చోట సముద్రం ఉంటే నాకెందుకు, లేకపోతే నాకెందుకు?

సరే, నేనే నేర్పుదామని కూర్చున్నాను. ఇంటర్ తప్పినదాన్ని. నాకొచ్చిన విద్య బట్టీ ఒక్కటే. మా ఊరి మాస్టారు చెప్పినట్టే నేను ముందు చదివేదాన్ని, పిల్ల ఊగుతూ ఎక్కాల రాగంలో అప్పజెప్పేది. గీతల సంగతి మాత్రం పెరట్లో బట్టలారేసే దండెం దగ్గర తేలింది. మాటల్ని కాగితం ముక్కల మీద రాసి క్లిప్పులు పెట్టాం. పని చేసేవాళ్లు ఎడమ పక్క, చేసిన పని కుడి పక్క, వాళ్లు ఎలాంటివాళ్లో చెప్పే మాటలు వాళ్ల కిందే వేలాడాలి. ఒకరోజు మేడమ్ వచ్చి, ఆరేసిన తన నల్ల అబాయా పక్కన ‘హంగ్రీ’ ఎందుకు వేలాడుతోందని అడిగింది. ఆరుతోందని చెప్పాను.

పరీక్ష రోజు కెమెరాకి కనపడకుండా కర్టెన్ వెనక నిలబడ్డాను. నౌన్ అంటే ఏమిటని టీచరమ్మ అడిగింది. పిల్ల ఊగుతూ రాగం తీసింది.

“నౌన్ ఈజ్ ద నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్ ఆర్ థింగ్, అర్థమయ్యిందా?”

టీచరమ్మ నెట్ తేడా చేసిందనుకుని మళ్లీ చెప్పమంది. పిల్ల మళ్లీ అదే చెప్పింది. వెర్బ్‌కీ అదే తోక. ప్రతి పాఠం చివరా నేనడిగిన మాటని కూడా అది బట్టీ పట్టేసింది! ఆ చివరి మాటేమిటని టీచరమ్మ అడిగితే, అది లేకపోతే నౌన్ పూర్తవదని పిల్ల పెద్దమనిషిలా వివరించింది. నేనైతే మనసులో అప్పుడే పెట్టె సర్దేసుకున్నాను.

తర్వాత టీచరమ్మ ఎప్పుడూ చూడని వాక్యం ఒకటిచ్చింది. పిల్ల కళ్లు మూసుకుంది. పెరట్లో దండెం తలుచుకుంటోందని నాకు తెలుసు. గీత గీసి, ఏ మాట ఎక్కడుండాలో అక్కడ వేలాడదీసింది. ఒక్కటీ తప్పులేదు. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. క్లాసు అయ్యేసరికి తెర మీద దేశదేశాల పిల్లలందరూ ‘అర్థమయ్యిందా’ అంటూ ఊగుతున్నారు.

మేడమ్ ఆనందం పట్టలేక నన్ను వాటేసుకుంది. అప్పుడే తన తల్లికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, తన తమ్ముడి కొడుకులిద్దరూ ఇంగ్లీషులో సున్నాలేనని చెప్పింది. మన పిల్లకి ఇక భయం లేదు కాబట్టి వాళ్ల సంగతి చూడమంది. వంటమనిషిగా కాదు, టీచర్‌గా! యల్లా, ఇక బయల్దేరు, శనివారం ప్రయాణం అంది. ఎక్కడికో వేరే చెప్పాలా, ఖోర్ ఫక్కాన్‌కే. ఓడితే పంపుతానన్న చోటికి గెలిచానని పంపింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనేమో.

ఆ శనివారం పిల్ల గది తలుపు తియ్యలేదు. పెట్టెతో నేను కారెక్కాక చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి కిటికీ అద్దం పట్టుకుంది. కోపంతో మొహం ఎర్రబడింది.

“నేను తప్పు చెప్పాల్సిందక్కా. నువ్వెందుకు సరిగ్గా నేర్పావ్?”

అంత చక్కని తెలుగు అది అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు.