భావనపాడు కాకులు

మా ఆవిడ టెక్కలి మనిషి. పోయేముందు కోరిందని అనంతపురం నుంచి వచ్చి, ఆమె పదోరోజు కర్మ భావనపాడు సముద్రం ఒడ్డున చేశాను. కాకి పిండం ముట్టేదాకా కదలొద్దని చెప్పి పురోహితుడు ఇంకో కర్మకు వెళ్ళిపోయాడు. నాకు వీటిమీద నమ్మకం లేదు. అయినా గంటసేపు నిలబడ్డాను.

కాకులకు కొదవ లేదు. అన్నీ పక్కన ఇసుకలో ఆరబోసిన చేపల మీదే వాలాయి. చేపల వాసనే గిట్టని మనిషికి పెట్టిన అన్నం వాటి కంటికి ఆనలేదు.

చేపలు ఆరబోసిన ముసలామె మెడలో శిలువ ఉంది. చాలాసేపు చూసి అడిగింది.

“ఎవులు పోనారు బావూ?”

“మా ఆవిడ.”

“ఆకలితో ఉంచీసినావేటి ఆయమ్మని?” అంటూ లేచి, చేపలన్నిటిమీదా టార్పాలిన్ కప్పేసింది.

“చేపలకు ఎండ పోతుంది కదమ్మా?”

“పోతే పోతాది.”

“మీరు చర్చికి వెళ్తారా?”

“ఎల్తాం. మాకు పిండాలూ కాకులూ లేవు. పాస్టరుగారు తిడతారు. మా అత్త పోయినప్పుడు మాత్రం పెరట్లో ఓ ముద్ద ఎట్టినాను. ఎవులికీ సెప్పకు.”

ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. ఓ కాకి టార్పాలిన్ చుట్టూ తిరిగి, విసిగిపోయి, ఆకు దగ్గరికొచ్చి ముద్దను పొడిచింది.

“అమ్మయ్య” అన్న మాట ఆమె నోటి నుంచే ముందు వచ్చింది.