తోట దారోగా అడిగే మాట

గద్వాల తోటను చూసుకునేందుకు ఒక దారోగా ఉండేవాడు. వచ్చినవాళ్లనెవరినీ "నీకేం గావాలె?" అని అడగకుండా వదిలేవాడు కాదు. పిల్లలకు ఉయ్యాలో, పెద్దలకు అరుగో, రెంటిలో జనం కోరిన ఒక్కటే సంస్థానం వారు కట్టిస్తారట.

అమావాస్యనాడు మగ్గాలకు సెలవు. ముసలి నేతగాళ్లంతా తోటకు వచ్చారు. ఇక అరుగే ఖాయమనుకుంటూనే "మీకేం గావాలె?" అన్నాడు దారోగా.

వాళ్లలో ఉన్న మా తాత, అరుగు వద్దన్నట్టు అడ్డంగా తలూపాడు. "దినమంతా మగ్గం గుంతల కాళ్లు వెట్టి కూసునేటోళ్లం. ఈడ గూడ కూసునుడేంది సాబ్? ఉయ్యాల గట్టు!"

"ఉయ్యాలే!" అని ముసలాళ్లంతా కేకలు పెట్టారు.

కట్టిన రోజు ముందుగా ఎక్కింది తాతే. పంచె గాలికి ఎగురుతోంది, పాదాలు ఆకాశంలో ఉన్నాయి. చూడవచ్చిన పిల్లలం మేం నవ్వలేక చస్తున్నాం. దారోగా వెనకనుంచి ఊపుతూనే, "ఎట్లుంది తాతా? ఇంకేం గావాలె?" అన్నాడు.

"అడుగుడు బంద్ జెయ్యి!" అని అరిచాడు తాత. "ఊపు!"