కుడి వెనక తలుపు

గోదావరిఖనిలో కార్లు అమ్మే ఒక షోరూంలో పనిచేస్తాను. కొన్నవాళ్ల చేతికి బండి తాళం వెళ్లేముందు చివరి సంతకం నాది. బండి ఒళ్లంతా చూసి, ఎక్కడా గీత గానీ సొట్ట గానీ లేదని కాగితం మీద రాసివ్వాలి. అంతకుముందు పన్నెండేళ్లు డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో చేశాను. గుద్దుకున్న బండ్లను కొత్తవాటిలా చేసి పంపినవాణ్ని. అదే పని ఇంకొకరు చేస్తే నా కంటికి దాగదు.

మా ఊళ్లో బండిని ముందు కడగాలి. ఒక్క రోజు బయట నిలిపితే చాలు, బొగ్గు పొడి పేరుకుంటుంది. పొడి గుడ్డతో తుడిచామా, రంగు మీద సన్నటి గీతలు పడతాయి. అందుకే కడిగి, ఆరనిచ్చి, వేలి ఉంగరం తీసి జేబులో వేసుకుని అప్పుడు చెయ్యి వేస్తాను.

పోయిన చలికాలం ఒక బూడిదరంగు కారు వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి దాన్ని ట్యూబులైట్ల కింద నిలిపి చుట్టూ తిరిగాను. మూడు తలుపుల మీద లైటు ప్రతిబింబం గీత గీసినట్టు తిన్నగా ఉంది. కుడి వెనక తలుపు మీద మాత్రం కొంచెం వణికింది. తలుపు తెరిచి రబ్బరు అంచు ఎత్తి చూస్తే, దాని కింద వెంట్రుకంత సన్నగా రంగు గట్టు కట్టి ఉంది. బోల్టుల మీద పానా పట్టిన గుర్తులు. తలుపు విప్పి, రంగు వేసి, మళ్లీ బిగించారు.

మేనేజరు గారిది కోస్తా. వెళ్లి చెప్పాను.

"పాలిష్ కొట్టి ఇచ్చేయవయ్యా. పదకొండు లోపు వాళ్లకి ముహూర్తం. చూస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"నాకు తెలుస్తున్నది గద సార్. నేనైతే సంతకం పెట్టను. వాళ్లకు మీరు చెప్తరా, నన్ను చెప్పుమంటరా?"

ఆయన "నువ్వే చెప్పుకో" అని లోపలికి వెళ్లిపోయారు.

పదింటికి గోలేటి నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన బొగ్గుగనిలో పనిచేస్తాడు, రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉంది. ఆమె చేతిలో బంతిపూల దండ, సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు. వాళ్లకిదే మొదటి కారు. ఆ దండ చూసినా మాట మార్చలేదు.

"కాకా, ఈ తలుపుకు ఎక్కడనో దెబ్బ తాకింది. మల్ల రంగేసిన్రు. నడవనీకి ఏం ఇబ్బంది లేదు. గానీ కొత్త బండి అని నేను మీకు ఇయ్యలేను."

"గట్లయితే ముహూర్తం పోతది గద" అంది ఆమె. కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

ఆయన ఎక్కడో చూపించమన్నాడు. రబ్బరు ఎత్తి చూపించాను. వేలితో ఆ గట్టును రెండుసార్లు తడిమాడు.

"బొగ్గుబాయిల పైకప్పుకు కట్టె తట్టి చూసుడే నా పని" అన్నాడు. "చప్పుడు బోలుగ వస్తే పని ఆపుమనేటోన్ని. షిఫ్టు ఖరాబు చేస్తున్నవని తిట్టేటోళ్లు. తిట్టనీ అనుకునేటోన్ని." తర్వాత భార్య వైపు తిరిగి, "ఇంకో బండి రానీ. ఇంకో మంచిరోజు దొరకదా" అన్నాడు.

ఆమె దండను మళ్లీ సంచిలో పెట్టుకుంది. టీ తెప్పిస్తే తాగి బస్సెక్కారు. మేనేజరు గారు తర్వాత ఆ కారును అమ్మకుండా, నడిపి చూసేవాళ్ల కోసం షోరూంలోనే ఉంచారు.

రెండు వారాలకు ఇంకో బండి వచ్చింది. రెండుసార్లు చూసి, ఏ లోపమూ లేదని ధీమాగా వాళ్లకు ఫోన్ చేశాను. వచ్చాక ఆమె తనంతట తానే బండి చుట్టూ తిరిగింది, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చూసినట్టు నిదానంగా. బానెట్ ముందు అంచు దగ్గర వంగి ఆగింది.

"ఇదేంది బిడ్డా?"

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఆవగింజంత రంగు లేచిపోయింది. నేను చూడలేదు. పన్నెండేళ్ల షెడ్డు అనుభవం ఉన్న నాకు చెవులు వేడెక్కాయి.

"తప్పయింది చిన్నమ్మా. గంట ఆగుతనంటే సరిచేస్త. వద్దంటే ఇంకో బండి తెప్పిస్త."

"వద్దు, ఉండనీ. నేను చూసి తీసుకుంటున్న గద" అంది.

కాగితంలో ఆ మచ్చ ఎక్కడుందో రాసి, కింద నేను సంతకం పెట్టి, పక్కన ఆమెతో కూడా పెట్టించాను. ఆమె దండ కట్టింది, ఆయన కొబ్బరికాయ కొట్టాడు. అప్పటి నుంచి బండి కొన్నవాళ్లందరినీ నాతోపాటు చుట్టూ తిరిగి చూడమంటున్నాను.